దూలం ఎవరి కంట్లో: ‘ద రైజ్ అండ్ ఫాల్ ఆఫ్ మార్స్ హిల్’ పాడ్‌కాస్ట్ సమీక్ష

అమెరికా సువార్తిక (ఇవాంజెలికల్) క్రైస్తవులు లోకమంతా చూస్తుండగా ఒకరినొకరు ఎలా తూర్పారబడతారో, ఆ తగవుల్లో సిద్ధాంతం పాలెంత, ముఠా అభిమానం పాలెంత అని ఎవరైనా తెలుగు విశ్వాసి నన్నడిగితే, నేను మొదట వినమని చెప్పేది ‘ద రైజ్ అండ్ ఫాల్ ఆఫ్ మార్స్ హిల్’ అనే పాడ్‌కాస్ట్. అమెరికా సువార్తికుల పత్రిక ‘క్రిస్టియానిటీ టుడే’ దీన్ని 2021 జూన్‌లో మొదలుపెట్టి, ప్రధాన భాగాలను ఆ డిసెంబరుకల్లా ముగించింది. చందా ఏమీ లేదు, ఫోనులో ఏ పాడ్‌కాస్ట్ యాప్‌లోనైనా ఉచితంగా దొరుకుతుంది. ఒక్కో భాగం ఇంచుమించు గంట నడుస్తుంది, కొన్ని గంట దాటుతాయి. వ్యాఖ్యాత మైక్ కాస్పర్ బయటినుంచి వచ్చిన విలేకరి కాడు. కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో ఒక సంఘాన్ని నెలకొల్పినవారిలో ఆయన ఒకడు, అంటే తాను విమర్శిస్తున్న లోకంలోనే పెరిగి, అక్కడే సేవ చేసినవాడు. ఈ కార్యక్రమానికి ఉన్న బలమూ, చివరికి బయటపడే మొహమాటమూ రెండూ అక్కడినుంచే వచ్చాయి.

కథ సియాటిల్‌ది. 1996లో మార్క్ డ్రిస్కాల్ మరో ఇద్దరితో కలిసి మార్స్ హిల్ సంఘాన్ని ప్రారంభించాడు. క్రైస్తవ్యం పెద్దగా పట్టించుకోని ఆ నగరంలో అది పెరిగి పెరిగి, ఐదు రాష్ట్రాలలో 15 చోట్ల, వారానికి 12,000 మందికి పైగా హాజరయ్యే సంఘమైంది. 2014 అక్టోబరులో డ్రిస్కాల్ రాజీనామా చేశాడు. ఏడాది తిరిగేలోగా సంఘమనే వ్యవస్థే లేకుండా పోయింది. మొదటి భాగంలో వినిపించే 2007 నాటి రికార్డింగు ఒక్కటి చాలు, మనిషిని కూర్చోబెట్టడానికి. సంఘం బస్సు లాంటిదనీ, అది ముందుకు పోతుందనీ, ఎక్కనివారు దాని కింద పడతారనీ, ఇప్పటికే బస్సు వెనుక శవాల గుట్ట ఉందనీ, అది ఇంకా పెరుగుతుందనీ ఆయన మామూలు గొంతుతో చెప్పుకుపోతాడు. సంఘం నియమావళిలో అధికారాన్ని కొద్దిమంది చేతికి చేర్చే మార్పులను ప్రశ్నించిన ఇద్దరు పెద్దలను ఆ రోజుల్లోనే తొలగించారన్నది తెలిసి వింటే, ఆ మామూలు గొంతే ఎక్కువ భయపెడుతుంది.

నన్ను ఎక్కువసేపు ఆపేసింది మాత్రం అంతకు ఏడేళ్ళ ముందటి సంగతి. ఫేస్‌బుక్, ట్విట్టర్ పుట్టకముందే, 2000లో, ఈ సంఘానికి ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదిక ఉండేది. అందులో ‘విలియం వాలెస్ 2’ అనే మారుపేరుతో ఒక మనిషి స్త్రీలనూ, స్వలింగ సంపర్కులనూ, తన కంటికి చాలినంత మగతనం లేదని తోచిన పురుషులనూ బూతులు కలిపి దులిపిపారేసేవాడు. ఆ మనిషి పాస్టరు డ్రిస్కాల్‌గారే. వేదికమీద నిలబడి ‘మగవాడన్నవాడు తన మాటకు తాను బాధ్యత వహించాలి’ అని గద్దించే వ్యక్తి, కిందికి దిగి ముసుగు వేసుకుని తన మందతోనే పోట్లాడాడు. 2014 వేసవిలో ఆ పాత రాతలు మళ్ళీ బయటికి వచ్చినప్పుడు ఆయన క్షమాపణ చెప్పాడు. ఇంటర్నెట్ వచ్చాకే విశ్వాసుల నోళ్ళు పాడయ్యాయని మనం తేలికగా అనేస్తాం కానీ, ఈ ఉదంతంలో ఆ భాషను మందకు నేర్పినవాడు కాపరే. నియమనిబంధనలు ఏవీ లేని ఆ వేదిక ఆయన నోటికి అడ్డు లేకుండా చేసిందంతే.

ఇంత తెలిసీ ఆయన పక్షంవారు అన్నేళ్ళు ఎందుకు నోరెత్తలేదన్న ప్రశ్నకు పాడ్‌కాస్ట్ ఇచ్చే జవాబు సూటిగా ఉంది: సంఘం పెరుగుతోంది, బాప్తిస్మాలు జరుగుతున్నాయి, ఫలాలు కనబడుతున్నాయి, కాబట్టి చెట్టు మంచిదే అయి ఉండాలి. దీనికి నేనొక పోలిక చేర్చుకున్నాను. 2011 ఫిబ్రవరిలో, నరకం గురించి రాబ్ బెల్ అనే పాస్టరు రాసిన పుస్తకం ఇంకా దుకాణాలకు రాకముందే, డ్రిస్కాల్ శిబిరంవాడే అయిన పాస్టరు జాన్ పైపర్ ట్విట్టర్‌లో మూడే ముక్కల్లో ఆయనకు వీడ్కోలు పలికేశాడు. ఆ వీడ్కోలు సిద్ధాంతపరంగా సరైనదా కాదా అన్నది వేరే చర్చ. నన్ను ఆలోచింపజేసింది దాని వేగం. పక్క శిబిరంవాడి సిద్ధాంతం తప్పిందనుకుంటే ఒక మధ్యాహ్నం చాలింది. సొంత శిబిరంవాడి నడవడి తప్పితే మాత్రం, ‘యౌవనంలో ఉన్నాడు, ఎదుగుతాడు, ప్రార్థిద్దాం’ అంటూ ఏళ్ళ తరబడి ఓపిక పట్టారు. డ్రిస్కాల్ తాను సహవ్యవస్థాపకుడిగా ఉన్న ‘ఆక్ట్స్ 29’ అనే, కొత్త సంఘాలను నెలకొల్పే సంస్థ ఆయన్ని సభ్యత్వంనుంచి తొలగించింది 2014 ఆగస్టులో, నిందలన్నీ పత్రికలకెక్కిన తరువాత.

ఈ ఓపికకు వాక్యాధారం కూడా సిద్ధంగా ఉంటుంది. మన నాయకుణ్ణి ఎవరైనా బాహాటంగా విమర్శిస్తే వెంటనే మత్తయి 18వ అధ్యాయం తెరుస్తాం: ‘ముందు ఒంటరిగా వెళ్ళి ఆయనతో మాట్లాడావా?’ అవతలి పక్షం నాయకుణ్ణి మనం విమర్శించేటప్పుడు ఆ అధ్యాయం మన బైబిలులోంచి ఎలాగో మాయమవుతుంది. తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయానిదీ ఇదే గతి. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే పెద్దమీద దోషారోపణ అంగీకరించవద్దనే 19వ వచనం కంఠతా వచ్చినవారు నాకు చాలామంది తెలుసు. పాపం చేసేవారిని అందరి ఎదుట గద్దించమనే 20వ వచనాన్ని అదే ఊపులో చదివినవారు తక్కువ. పాడ్‌కాస్ట్‌లో మాట్లాడే మాజీ సంఘస్థులలో పలువురు దాదాపు ఇదే అనుభవాన్ని తమ తమ మాటల్లో చెబుతారు: ప్రశ్న అడిగినవాడే విభజన పుట్టించేవాడయ్యాడు.

ఈ కార్యక్రమం ముగిశాక జరిగినదైనా, ఇక్కడే చెప్పుకోవలసిన ఘటన ఒకటుంది. 2016లో అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో కొత్త సంఘం పెట్టుకున్న డ్రిస్కాల్, 2024 ఏప్రిల్‌లో మిస్సోరీలో జరిగిన ఒక పురుషుల మహాసభకు వక్తగా వెళ్ళి, అంతకుముందు వేదికపై జరిగిన కత్తి మింగే ప్రదర్శనను యెజెబెలు (బైబిలులోని దుష్ట రాణి) ఆత్మకు ముడిపెట్టి ఖండించాడు. ఆతిథ్యమిచ్చిన పాస్టరు జాన్ లిండెల్ సభలోనే ఆయన్ని ఆపి దింపేశాడు. దింపుతూ ఉదహరించింది మత్తయి 18నే: చెప్పదలచుకున్నది ముందు తనతో చెప్పి ఉండవలసిందని. మందలింపు మాత్రం వేలమంది ఎదుటే జరిగింది. తరువాతి రోజుల్లో ఇంటర్నెట్‌లో జనం రెండుగా చీలి ఒకరు ప్రవక్త అన్నవాణ్ణి మరొకరు వేషధారి అన్నారు. ‘నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను’ అంటూ ముఠాలు కట్టిన బైబిలు నాటి కొరింథు సంఘంవారికి ఫోన్లు ఉండి ఉంటే ఇంచుమించు అలాగే ఉండేదేమో.

లోపాలు చెప్పకపోతే ఇది సమీక్ష కాదు. మొదటిది, కాస్పర్‌కు డ్రిస్కాల్ వాక్చాతుర్యంపట్ల ఉన్న ఆకర్షణ చివరివరకూ పూర్తిగా వదలలేదు. పాత ప్రసంగాల ముక్కలు, వాటి వెనుక మోగే సంగీతం కలిసి, ఖండించవలసిన మనిషినే కథానాయకుడిగా నిలబెడతాయి. రెండవది, దెబ్బ తిన్న స్త్రీలకు ప్రత్యేకంగా చోటిచ్చిన ఐదవ భాగం చాలా బాగుంది గానీ, ఆ గొంతులు కథ పొడవునా ఉండవలసింది. మూడవది, ముఠా అభిమానం రాజకీయాలలోకి పాకిన తీరుకు ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు. సొంత జీవితంలో అనైతికంగా నడిచిన నాయకుడు ప్రభుత్వ బాధ్యతల్లో నైతికంగా ఉండగలడా అని పబ్లిక్ రిలిజన్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 2011లో అడిగినప్పుడు, శ్వేతజాతి సువార్తిక ప్రొటెస్టెంట్లలో 30 శాతం ఔనన్నారు. 2016లో ఆ అంకె 72 శాతానికి ఎక్కింది. ఐదేళ్ళలో బైబిలు మారలేదు, అధ్యక్ష ఎన్నికల్లో నిలబడిన అభ్యర్థి మారాడు, ఈసారి డొనాల్డ్ ట్రంప్. మార్స్ హిల్ కథకు ఇది పక్కింటి కథే కదా, గోడ మీదుగా ఒకసారి తొంగి చూసి ఉంటే బాగుండేది. డ్రిస్కాల్ పుస్తకాన్ని బెస్ట్‌సెల్లర్ జాబితాకు ఎక్కించడానికి సంఘం ఒక మార్కెటింగ్ సంస్థతో 2 లక్షల డాలర్లకు పైబడిన ఏర్పాటు చేసుకున్న వ్యవహారం ఇంకా నింపాదిగా చెప్పదగినది.

అయినా నేను ఈ తయారీదారును నమ్మడానికి కారణం పాడ్‌కాస్ట్ బయట ఉంది. 2022 మార్చిలో ‘క్రిస్టియానిటీ టుడే’ తన కార్యాలయంలోనే ఏళ్ళ తరబడి స్త్రీలపై జరిగిన వేధింపులను తన విలేకరి చేతనే పరిశోధింపజేసి, ఒక మాజీ ప్రధాన సంపాదకుడి పేరుతో సహా తన పుటలలోనే ప్రచురించింది, ఫిర్యాదులను తామే సరిగా పట్టించుకోలేదని ఒప్పుకుంది. పొరుగువాడి సంఘాన్ని తూచిన తక్కెడలోనే తానూ ఎక్కి కూర్చోవడం ఈ రంగంలో నేను అరుదుగా చూసిన పని.

ఆ విలేకరి డేనియల్ సిల్లిమన్ పేరు మనకు ఇంకోచోట తగులుతుంది. చెన్నైలో పుట్టి ప్రపంచమంతా పేరుపొందిన క్రైస్తవ వక్త రవి జకారియాస్ 2020 మేలో మరణించాక, ఆయనపై స్త్రీల లైంగిక వేధింపుల ఆరోపణలను ఆ సెప్టెంబరులో వెలికి తెచ్చినవాడు సిల్లిమనే. రవి స్థాపించిన సంస్థే నియమించిన న్యాయవాదుల నివేదిక 2021 ఫిబ్రవరిలో వాటిని ధ్రువపరచింది. మా యువజన కూటాల్లో రవిగారి ప్రసంగాలు వేసి చూపినవారిలో నేనూ ఉన్నాను. 2017లో ఒక స్త్రీ మొదట నోరు విప్పినప్పుడు, ‘నాస్తికులు పన్నిన పన్నాగం’ అని మా వాట్సాప్ గ్రూపులో ఒకరు పెట్టిన సందేశానికి చేతులు జోడించిన బొమ్మ పెట్టినవాణ్ణి కూడా నేనే. సియాటిల్ జనాన్ని చూసి ‘ఎలా నమ్మారో’ అని నవ్వబోయినప్పుడల్లా అది గుర్తొచ్చి నవ్వు ఆగిపోతోంది.

నా లెక్కలో 5కి 4. ఇంగ్లిషు వేగంగా సాగుతుంది, అమెరికా సంఘాల సంగతులు కొత్తవారికి తికమకగా ఉంటాయి కనుక యాప్‌లో వేగం కాస్త తగ్గించుకుని వినడం మేలు. అన్ని గంటలు లేనివారు మొదటి భాగం, ఐదవ భాగం, ముగింపు భాగం విని, నచ్చితే మిగతావాటికి వెళ్ళవచ్చు. మాజీ పాస్టరు, రచయిత జాషువా హారిస్‌పై చేసిన అదనపు భాగాన్ని వదిలేసినా నష్టం లేదు. సంఘ పెద్దల కూడికలో కలిసి వినదలచుకున్నవారు మాత్రం పాస్టరుగారిని కూడా ముందే పిలవాలి, ఆయన లేని రోజున వింటే ఆ సాయంత్రం చర్చ ఎటు పోతుందో నేను చూశాను.