చెరువు తగవు రోల్‌ప్లే కిట్: పాత్రలు భేష్, మ్యాపు మాత్రం సరిచూసుకోండి

ప్లానింగ్ విద్యార్థులకు మధ్యవర్తిత్వం నేర్పే కిట్ ఇది. ఊరు కల్పితం. గొడవ మాత్రం హైదరాబాద్ శివార్లలో రోజూ చూసేదే: 14 హెక్టార్ల చెరువు, ఒడ్డున ఓ వెంచర్. శిఖం పట్టా రైతు (చెరువు ముంపు భూమికి పట్టా ఉన్నవాడు), మత్స్య సహకార సంఘం, బిల్డర్, అపార్ట్‌మెంట్ సంఘం, ఇరిగేషన్ అసిస్టెంట్ ఇంజినీర్, మున్సిపల్ ప్లానర్, మధ్యవర్తి... మొత్తం ఏడు పాత్రలు. అందరికీ ఒకే నేపథ్య పత్రం, ఎవరికి వారికి ఒక రహస్య పత్రం ఇస్తారు.

డబ్బులు పెట్టాల్సింది ఆ రహస్య పత్రాలకే. రైతు పైకి "ఒక్క గుంట కూడ ఇడిసిపెట్ట" అంటాడు. ఆయనకు నిజంగా కావాల్సింది నీళ్లు తగ్గాక యాసంగి సాగు. మత్స్యకారులకు భూమితో పనే లేదు. చేపపిల్లలు వదిలాక ఎవరో తూము ఎత్తేస్తే సీజన్ పోయినట్టేనని వాళ్ల భయం. మధ్యవర్తి ఒక్కొక్కరితో విడిగా కూర్చుంటే తప్ప ఇదేదీ బయటికి రాదు. విద్యార్థులేమో ఆ కుర్చీ ఎక్కగానే ఊరి పెద్దమనుషులైపోయి తీర్పు చెప్పేస్తారు!

ఇక మ్యాపు. స్కేలు 1:2000. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్ల బఫర్, అంటే ఏమీ కట్టకూడని జాగా, ఉండాలి. ఈ స్కేలులో అది కాగితం మీద 15 మి.మీ. ఇందులో గీసింది నాలుగున్నర. చిన్న చెరువులకు చెప్పిన 9 మీటర్లను దీనికి తగిలించారు. బిల్డర్‌కు ఆడకముందే సగం గెలుపు! ఎర్ర పెన్నుతో దిద్దాకే పంచండి.

అంతకన్నా పెద్ద లోపం, ఎఫ్‌టీఎల్ గీతను కూడా బేరానికి వదిలేయడం. అందరూ సంతకాలు పెట్టినంత మాత్రాన ఆ గీత పక్కకు కదలదు. తప్పనిపిస్తే మళ్లీ సర్వే అడగొచ్చు, అంతే. టీడీఆర్ (వదులుకున్న భూమికి బదులుగా ఇచ్చే, వేరేచోట వాడుకోగల నిర్మాణ హక్కు), తూము ఎత్తే వేళలు, నడకదారి ఏ పక్కన, మురుగు మళ్లింపు ఖర్చు ఎవరిది... మాట్లాడుకోవాల్సినవి ఇవి. మొదలుపెట్టే ముందే బోర్డు మీద రాసేయండి.

చదవడానికి 20 నిమిషాలు, చర్చకు 60 సరిపోతాయి. ఆట ముగిశాక సమీక్షకు ఇచ్చిన 15 ఏ మూలకూ రావు, 40 పెట్టుకోండి. ఎవరేం దాచారో, ఎక్కడ బెట్టు చేశారో తేలేది అప్పుడే. మధ్యవర్తి కూడా ఒక్కరు చాలరు. 2023 మధ్యవర్తిత్వ చట్టం సామాజిక తగవులకు ముగ్గురి బృందాన్ని పెట్టమంటోంది. ముగ్గురుంటే ఒకరు ముసాయిదా రాస్తుండగా మిగతావాళ్లు విడి భేటీలు నడపొచ్చు.

పత్రాలు మళ్లీ జిరాక్స్ తీసుకుని వాడుకోవచ్చు, కానీ వేరే బ్యాచ్‌కే. పాత బ్యాచ్‌కు రహస్యాలన్నీ తెలిసిపోయి ఉంటాయి.