వరిగడ్డి: గేదెకు సుపోషణ చేసి మేపాలా, పుట్టగొడుగులకు వాడాలా?

తెనాలి, దుగ్గిరాల మాగాణుల్లో వరికోత యంత్రం వెళ్లిపోయాక ఎకరానికి సుమారు రెండు టన్నుల గడ్డి మిగులుతుంది. మొక్కజొన్న విత్తే తొందరలో నిప్పు పెట్టేవారిని పక్కన పెడితే, మోపులు చుట్టించి ఇంటికి చేర్చుకున్న రైతు ముందు ప్రధానంగా రెండు దారులుంటాయి: సుపోషణ చేసి, అంటే యూరియాతో గడ్డి పోషక విలువ పెంచి గేదెకు మేపడం, లేదా దానిపై పుట్టగొడుగులు పెంచడం.

వట్టి వరిగడ్డిలో మాంసకృత్తులు 3 నుంచి 4 శాతానికి మించవు. గడ్డిలోని పీచును అరిగించే సూక్ష్మజీవులు గేదె పొట్టలోనే ఉన్నా, వాటికి కావలసిన నత్రజని అందులో చాలదు. పైగా గడ్డిని గట్టిపరిచే లిగ్నిన్, సిలికా అనే పదార్థాలు ఆ పీచును వాటికి సులువుగా అందనీయవు. సుపోషణ ఈ లోటును చాలావరకు తీరుస్తుంది. నాలుగు కిలోల యూరియాను యాభై లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, వంద కిలోల గడ్డిపై పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పాలిథీన్ పట్టాతో మూడు వారాలు కప్పి ఉంచితే, వెలువడే అమ్మోనియా పీచు బంధాలను సడలిస్తుంది, మాంసకృత్తుల విలువ 7 శాతం దాకా పెరుగుతుంది. సబ్సిడీ ధర ప్రకారం యూరియాకయ్యే ఖర్చు పాతిక రూపాయల లోపే. అయితే తీసిన గడ్డిని గంటసేపు ఆరబెట్టి, ఘాటు పోయాకే వేయాలి. ఆరు నెలల లోపు దూడలకు అసలు పెట్టకూడదు. యూరియా నీళ్లు పశువు నోటికి అందితే ప్రాణాపాయం కనుక, కలిపిన బకెట్టును కూడా దూరంగా ఉంచాలి.

పుట్టగొడుగుల లెక్క వేరు. వంద కిలోల ఎండుగడ్డిని నానబెట్టి, వేడినీటిలో శుద్ధి చేసి, పుట్టగొడుగు విత్తనం (స్పాన్) కలిపి సంచుల్లో నింపితే, ముత్యపు చిప్ప (ఆయిస్టర్) రకం యాభై, అరవై కిలోల దాకా రావచ్చు. అందులో తొంభై పాళ్లు నీరే కాబట్టి దక్కే మాంసకృత్తులు రెండు కిలోలకు మించవు. లాభం పోషకంలో కన్నా అమ్మకపు ధరలో ఉంది. ఈ రకానికి 20 నుంచి 30 డిగ్రీల వేడి, గాలిలో మంచి తేమ కావాలి కాబట్టి, గుంటూరులో చలికాలం దాటితే గదిని చల్లబరచక తప్పదు. 30 నుంచి 35 డిగ్రీల్లో పెరిగే వరిగడ్డి పుట్టగొడుగు అనే మరో రకం మన వాతావరణానికి సరిపోతుంది గానీ, కోసిన మర్నాటికే పాడవుతుంది.

వరి తర్వాత వేసే మొక్కజొన్న చొప్పను మేతకు పాతర వేయవచ్చని, అంటే గాలి చొరకుండా పులియబెట్టి నిల్వ చేయవచ్చని కొందరంటారు. కండెలు పాలుపట్టి గట్టిపడే దశలో పచ్చిగా కోసిన పైరుకే అది చెల్లుతుంది; గింజ తీశాక ఎండిన చొప్పను ముక్కలు కొట్టి మేపడమే మేలు.

రెండు మూడు గేదెలున్న ఇంటికి సుపోషణే మేలని నా అభిప్రాయం. పాల దిగుబడికి దాణా ఎలాగూ కావాలి గానీ, గడ్డి బాగుపడితే పత్తిచెక్క ఖర్చు కొంత తగ్గుతుంది. పశువులు లేక, విజయవాడలో ఏ రోజు కోసినవి ఆ రోజే కొనే హోటళ్లు కుదిరిన వారికి పుట్టగొడుగులు గిట్టుబాటవుతాయి. అయితే ఒక గదిలో పట్టే సంచులకు రెండెకరాల గడ్డి అక్కరలేదు, మిగిలినది ఎలాగూ పశువుకే చేరాలి. పంట తీసిన సంచుల్లోని గడ్డి తెల్లగా, శుభ్రంగా ఉంటే మామూలు మేతలో కొద్దిగా కలపవచ్చు. పచ్చబూజు పట్టినది మాత్రం పెంటకుప్పకే వెయ్యాలి.