డబ్ల్యూ32టైమ్ రీస్టార్ట్ కమాండ్లు: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

డబ్ల్యూ32టైమ్ అంటే విండోస్‌లో గడియారాన్ని నెట్‌లోని టైమ్ సర్వర్‌తో సరిచేసే సర్వీస్. మా నెట్ సెంటర్‌లో అన్నీ పాత డెస్క్‌టాప్‌లే, వాటికి టైమ్ తప్పడం మామూలు. డేట్ తప్పితే సైట్లన్నీ సర్టిఫికెట్ ఎర్రర్ ఇస్తాయి, వచ్చినోళ్లు నెట్ బాలేదని తిడతారు గానీ కింద మూలనున్న గడియారం ఎవరూ చూడరు. సెట్టింగ్స్‌లో 'సింక్ నౌ' బటన్ ఉంది కదా అంటారేమో, నాకైతే కమాండే నచ్చింది, ఎందుకంటే పని అవ్వకపోతే ఎందుకు అవ్వలేదో కాస్తయినా చెప్తది.

కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి (మామూలుగా తెరిస్తే యాక్సెస్ డినైడ్ అంటది) నెట్ స్టాప్ డబ్ల్యూ32టైమ్, ఆ తర్వాత నెట్ స్టార్ట్ డబ్ల్యూ32టైమ్, అంతే. స్టాప్ కొట్టగానే 'సర్వీస్ అసలు స్టార్టే కాలేదు' అని వస్తే కంగారు పడొద్దు, డొమైన్‌లో (అంటే ఆఫీసుల్లో అన్ని మెషీన్లనీ ఒకే సర్వర్ కింద నడిపే ఏర్పాటులో) లేని మెషీన్లలో ఇది అవసరమైనప్పుడు లేచి పనయ్యాక ఆగిపోయే రకం. చాలామంది ఇక్కడితో వదిలేస్తారు, వెంటనే టైమ్ తెచ్చుకోమని డబ్ల్యూ32టీఎమ్ స్లాష్ రీసింక్ కూడా కొట్టాలి. పాత విండోస్‌లో డీఫాల్ట్‌గా 604800 సెకన్లకి, అంటే 7 రోజులకి ఒకసారే సర్వర్‌ని అడుగుతుంది, అన్నాళ్లు ఎవరు ఆగుతారు చెప్పండి. ఆఖర్న డబ్ల్యూ32టీఎమ్ స్లాష్ క్వెరీ స్లాష్ స్టేటస్ కొట్టి సోర్స్ చూడండి, 'లోకల్ సీమాస్ క్లాక్' (మెషీన్ సొంత గడియారం) అని ఉంటే బయటి సర్వర్ నుంచి టైమ్ రాలేదన్నట్టే, అప్పుడు ఫైర్‌వాల్‌లో టైమ్ సర్వర్‌తో మాట్లాడే యూడీపీ 123 పోర్ట్ మూసి ఉందేమో చూసుకోవాలి.

నాకు చిరాకు తెప్పించేది ఒకటుంది. మదర్‌బోర్డ్ మీద సీఆర్2032 సెల్ (గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ) అయిపోతే డేట్ ఏకంగా ఏళ్ల వెనక్కి పోతుంది కదా, అప్పుడు ఈ సర్వీస్‌ని ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా లాభం లేదు. డొమైన్‌లో లేని మెషీన్లో డీఫాల్ట్ లిమిట్ 54000 సెకన్లు, అంటే 15 గంటలు, తేడా అంతకు మించితే 'మార్పు మరీ పెద్దది' అని రీసింక్ మొండికేస్తది. బాగా అవసరమైనప్పుడే చేతులెత్తేస్తే ఎలా అండీ! ముందు డేట్, టైమ్ చేత్తో దగ్గరగా పెట్టి అప్పుడు రీసింక్ కొడితే క్షణాల్లో సరిపోతుంది. సెల్ మార్చకపోతే మాత్రం కరెంట్ పోయినప్పుడల్లా ఇదే తంతు.

సర్వర్ విషయానికొస్తే టైమ్ డాట్ విండోస్ డాట్ కామ్ బదులు ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వాళ్ల టైమ్ డాట్ ఎన్‌పీఎల్ఇండియా డాట్ ఓఆర్‌జీ పెట్టుకున్నా, మన ఐఎస్‌టీ లెక్క చూసేది వాళ్లే. విండోస్ బదులు ఉబుంటు (లైనక్స్) ఉన్న మెషీన్లో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ సిస్టమ్‌డీ-టైమ్‌సింక్‌డీ అని ఒక్క లైన్ కొడితే చాలు, అక్కడ ఈ 15 గంటల పేచీ లేదు.

విండోస్ దానికి 5కి మూడున్నర ఇస్తా.