ఫోర్ట్రాన్‌లో లెక్క 214 కోట్లు దాటితే ఏది మేలు: ఫ్లాగా, ఇంట్64 ఆ?

కాకినాడ, రాజమండ్రి వైపు వరద మోడల్స్ మీద ప్రాజెక్టులు చేసే కుర్రాళ్ళు అడిగేది ఎక్కువగా ఇదే, పాత ఫోర్ట్రాన్ (లెక్కల పనులకి వాడే ప్రోగ్రామింగ్ భాష) కోడ్‌లో ఇంటీజర్, అంటే పూర్ణ సంఖ్య దాచే డబ్బా, చాలట్లేదండి, కంపైలర్‌కి ఓ ఫ్లాగ్, అంటే ఒక సెట్టింగ్, తగిలించేస్తే అయిపోద్దా లేక వేరియబుల్స్ అన్నీ ఇంట్64 కి, అంటే 8 బైట్ల ఇంటీజర్ కి, మార్చుకోవాలా అని.

ముందు ఎంత చాలట్లేదో చూడండి. మామూలు ఇంటీజర్ 4 బైట్లు, గరిష్ఠం 2,147,483,647. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు కదా, సో ఇందులో రెండు టీఎంసీలు పడతాయి, మూడోది పట్టదు, ధవళేశ్వరం బ్యారేజీలో నిలిచే నీళ్ళే దగ్గర దగ్గర 3 టీఎంసీలు బాబూ! 1986 ఆగస్టు వరద 35 లక్షల క్యూసెక్కులు, ఆ లెక్కన ఘనపుటడుగులు కూడుకుంటూ పోతే పది నిమిషాల చిల్లరకే నిండిపోద్ది, ఆ తర్వాత మామూలుగా మైనస్‌లోకి తిరిగిపోద్ది, ఎర్రర్ కూడా చూపించదు.

అర్రే (నంబర్ల పట్టిక) సంగతి మాత్రం అందరూ అనుకున్నంత ఘోరం కాదు. కోనసీమ మీద 60 కిలోమీటర్లకి 50 కిలోమీటర్ల గ్రిడ్ ఒక మీటర్ గడితో వేస్తే 300 కోట్ల గడులు, గడికి 4 బైట్లంటే 12 జీబీ. రెండు డైమెన్షన్ల అర్రే పెట్టుకుంటే ఇండెక్సులు 60,000, 50,000 దాటవు, మామూలు ఇంటీజర్ చాలు, 64 బిట్ మెషీన్‌లో అడ్రస్ లెక్క కంపైలరే చూసుకుంటది. దెబ్బ పడేది ఆ రెండిటినీ గుణించిన చోట, మైనస్ 129 కోట్లు వచ్చి కూర్చుంటది. అర్రేలో ఎన్ని గడులో చెప్పే సైజ్ ఫంక్షన్ కూడా అంతే, కైండ్ (ఎంత పెద్ద ఇంటీజర్ కావాలో చెప్పే మాట) ఇవ్వకపోతే చిన్న ఇంటీజరే ఇస్తది. గడులన్నీ ఒకే వరసలో పరిచారా, అప్పుడు ఇండెక్సే 8 బైట్లు కావాలి.

ఇక ఫ్లాగ్. జీఫోర్ట్రాన్‌లో ఎఫ్‌డిఫాల్ట్-ఇంటీజర్-8, ఇంటెల్ దాంట్లో ఐ8. ఒక్క లైను కోడ్ ముట్టుకోకుండా కైండ్ రాయని మామూలు ఇంటీజర్లన్నీ 8 బైట్లయిపోతాయి, వినడానికి బానే ఉంటది. కానీ స్టాండర్డ్ ప్రకారం మామూలు ఇంటీజరూ మామూలు రియలూ (దశాంశ సంఖ్య) ఒకే సైజు, పాత కోడ్‌లో కామన్ బ్లాకులు, ఈక్వివలెన్స్‌లు (ఒకే మెమొరీని పంచుకునే ఏర్పాట్లు) ఆ ధైర్యంతోనే రాశారు, ఫ్లాగ్ పెడితే ఇంటీజర్ 8, రియల్ మాత్రం 4, ఇక ఏది ఎక్కడుందో దేవుడికే ఎరుక. దానికన్నా ప్రమాదం ల్యాపాక్ (మ్యాట్రిక్స్ లెక్కలది) లాంటి రెడీమేడ్ లైబ్రరీలు. అవి మామూలుగా 4 బైట్ల ఇంటీజర్లతో బిల్డ్ చేసినవి, మన కంప్యూటర్లలో ఒంటి నంబర్ పంపితే కింది 4 బైట్లు చదువుకుని పని చేసేస్తాయి, సరిగ్గానే ఉందనుకుంటాం, పివట్ అర్రే (ఏ వరస దేనితో మారిందో రాసేది) తిరిగొచ్చాక చూస్తే ఒక్కో 8 బైట్లలో రెండేసి నంబర్లు ఇరుక్కుని ఉంటాయి. 64 బిట్ ఇంటీజర్ల ల్యాపాక్ విడిగా దొరుకుద్ది, కానీ ఎంపీఐ (ప్రాసెసర్ల మధ్య డేటా పంపే లైబ్రరీ)తో సహా అన్నీ దానికి తగ్గట్టే ఉండాలి.

అందుకే నా ఓటు ఇంట్64 కే. 2008 స్టాండర్డ్ నుంచి ఐఎస్ఓ ఫోర్ట్రాన్ ఎన్వ్ మాడ్యూల్‌లో ఉంది, మొత్తాలకి, గడుల లెక్కకి, ఒంటి వరస ఇండెక్సులకి అది పెట్టి మిగతావి వదిలేయండి. బయటి లైబ్రరీ ఏదీ లేని, కామన్ బ్లాకులు లేని చిన్న ప్రోగ్రామ్ అయితే ఫ్లాగ్ పెట్టుకోండి, నేనేం కాదనను.

ఒకటి మాత్రం చూసుకోవాలి, ఎడమ పక్క వేరియబుల్‌ని ఇంట్64 చేసేసి కుడి పక్క రెండు చిన్న ఇంటీజర్లని గుణిస్తే గుణకారం 4 బైట్లలోనే జరుగుద్ది, చెడిపోయిన నంబరే పెద్ద డబ్బాలో పడుద్ది. రెండిట్లో ఒకదాన్ని ముందే ఇంట్64కి మార్చి గుణించండి. బౌండ్స్ చెక్ ఆన్ చేసినా ఈ తప్పు పట్టదు, అది ఇండెక్సులు మాత్రమే చూస్తది.