మూన్‌లైట్: ఆ మూలన కనిపించే అంకెల కోసమైనా వాడొచ్చు

దూరంగా ఉన్న కంప్యూటర్ స్క్రీన్‌ని నెట్ మీదుగా వీడియోలా తెచ్చి చూపించే యాప్ మూన్‌లైట్. దాన్ని ఎలా ఎక్కించుకోవాలో, అవతలి కంప్యూటర్లో ఆ వీడియో పంపే సన్‌షైన్‌తో ఎలా జత కలపాలో చెప్పేవాళ్లు బోలెడుమంది. ఆ జోలికి పోను. చాలాకాలంగా వాడుతున్నవాడిగా నాకు దీంట్లో ప్రాణం ఒక్కటే: కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ పట్టుకుని ఎస్ కొడితే స్క్రీన్ మూలన వచ్చే లెక్కలు.

నాది పెళ్లి వీడియోల ఎడిటింగ్. గ్రాఫిక్స్ కార్డున్న డెస్క్‌టాప్ దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంట్లో, నేను వారమంతా కొండాపూర్ రూమ్‌లో. చేతిలో ఉన్నది నాలుగో తరం ఐ5 పాత లాప్‌టాప్, మధ్యలో ఆ రెంటినీ ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే టెయిల్‌స్కేల్. విండోస్ ఉన్నన్నాళ్లూ ఏ పేచీ లేదు. తమ్ముడు లినక్స్ ఎక్కించి ఇచ్చాక మొదలైంది. టైమ్‌లైన్ కదలకుండా ఉంటే అంతా మామూలే. బారాత్ షాట్ ప్లే చేశానా, డాన్సు చేసేవాళ్లు ఆగి ఆగి కదులుతారు, బ్యాండు చప్పుడు ముందెళ్లిపోతుంది, లాప్‌టాప్ ఫ్యాను ఒకటే రొద.

వీడియో ఆగిందంటే ఎవరైనా ముందు తిట్టేది నెట్‌నే. ఇంటర్నెట్ కుర్రాడు వచ్చి, కనెక్టర్ మార్చి, స్పీడ్ టెస్ట్ చూపించి, "మా లైన్ మంచిగనే ఉందన్నా" అని పోయాడు. అతని పక్షాన ఆ అంకెలే సాక్ష్యం చెప్పాయి. నెట్‌వర్క్ ఆలస్యం 6 మిల్లీసెకన్లు, దారిలో పోయిన ఫ్రేములు సున్నా. కుదించి వచ్చిన వీడియోని లాప్‌టాప్‌లో విప్పే డీకోడింగ్ మాత్రం బారాత్ దగ్గరికొచ్చేసరికి 28! సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి దక్కేది 16.7 మిల్లీసెకన్లే, ఆ లోపు తేల్చలేకపోతే వెనకవి పేరుకుపోతాయి. హార్డ్‌వేర్ డీకోడర్ (గ్రాఫిక్స్ చిప్‌లో ఈ పనికున్న భాగం) దొరకలేదని మొదట్లో ఓ హెచ్చరిక వస్తుంది, నిజమే. కానీ నొప్పి ఎక్కడో, ఎంతో చూపించేది ఈ లెక్కలే.

గ్రాఫిక్స్ చిప్ ఏ వీడియోలు విప్పగలదో చూపించే వీఏఇన్ఫో కమాండ్ టెర్మినల్లో కొడితే గుట్టు బయటపడింది: డ్రైవరే తెరుచుకోవట్లేదు. ఉన్నది ఇంటెల్ కొత్త డ్రైవరు ఐహెచ్‌డీ ఒక్కటే, అది ఐదో తరం నుంచే పనిచేస్తుంది. నా నాలుగో తరం చిప్ హాస్వెల్‌కి పాత ఐ965 కావాలి. అది వేశాక హెచ్.264 అనే వీడియో ఫార్మాట్ పక్కన వీఎల్‌డీ అని కనిపించింది, అంటే ఆ పని ఇక ప్రాసెసర్ నెత్తిన కాదు, గ్రాఫిక్స్ చిప్‌ది. డీకోడింగ్ 4కి దిగింది, ఫ్యాను నోరు మూసుకుంది. దానికంటే కొత్త ఫార్మాట్ హెచ్‌ఈవీసీ ఎంచుకుంటే మాత్రం మళ్లీ మొదటికే. పూర్తి హార్డ్‌వేర్ డీకోడింగ్ దానికి ఆరో తరం నుంచే ఉంది. అందుకే హెచ్.264తోనే, 20 ఎంబీపీఎస్‌తోనే సర్దుకుంటున్నా.

డెస్క్‌టాప్ ముందు కూర్చున్నట్టే ఉంటుందని ఒకప్పుడు అందరికీ చెప్పేవాణ్ని. ఇప్పుడు అంత మాట అనను. మామూలుగా వచ్చే 4:2:0 వీడియోలో రంగు వివరం నాలుగో వంతుకి కుదించుకుపోతుంది. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద వధూవరుల పేర్లు ఎర్రటి సన్న అక్షరాల్లో వేస్తే అంచులు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. రంగు వివరం తగ్గించకుండా పంపే 4:4:4 ఆప్షన్ వచ్చింది గానీ, దాన్ని హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయడం నా చిప్ వల్ల కాదు. కాబట్టి కలర్ కరెక్షన్, టైటిల్సు ఆదివారం ఇంటికెళ్లాకే.

కటింగ్‌కి, సీన్లు పేర్చడానికి నాకిది చాలు. కాస్త కొత్త లాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఈ డ్రైవర్ గోలే ఉండకపోవచ్చు. అన్నట్టు, ఇంట్లో కరెంటు పోయొచ్చినప్పుడల్లా డెస్క్‌టాప్ బటన్ నొక్కేది ఆ తమ్ముడే. వాడు ఇంట్లో లేకపోతే నేనింత మెచ్చుకునేవాణ్ని కాదేమో.