ఐదేళ్లు, 14 వేల కిలోమీటర్లు: ఆన్‌లైన్‌లో కొన్న చవక రోడ్డు సైకిల్

2021 జనవరిలో 27,500 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక రోడ్డు సైకిల్ కొన్నాను. రాజమహేంద్రవరంలో గేర్ల సైకిళ్లు అమ్మే దుకాణాలు ఉన్నాయి గాని, వంపు హ్యాండిల్, సన్న టైర్లు ఉన్న సైకిల్‌ను ఒక్కసారి ఎక్కి చూసే అవకాశం నాకు దొరకలేదు. కొనే ముందు పదుల కొద్దీ సమీక్షలు చదివాను. వాటిలో ఎక్కువ భాగం డబ్బా విప్పిన రోజు రాసినవే. నాకు కావలసినదేమో రెండో వర్షాకాలం తర్వాత సైకిల్ ఎలా ఉంటుందన్న సంగతి. అది రాసినవారు నాకు కనిపించలేదు కాబట్టి, ఇప్పుడు నేనే రాస్తున్నాను.

ముందు నా దారి గురించి చెప్పాలి. ఉదయం ఐదింటికి బయలుదేరి ధవళేశ్వరం, కాటన్ బ్యారేజీ, విజ్జేశ్వరం మీదుగా కొవ్వూరు చేరి, రోడ్డు కం రైలు వంతెన మీద మళ్లీ ఊళ్లోకి వస్తాను. ఆదివారాలు కడియం నర్సరీల పక్క నుంచి రావులపాలెం వైపు వెళతాను. చాలావరకు చదునైన నేలే. అయితే కోతల కాలంలో గట్టు రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. సగం రోడ్డే మిగులుతుంది, ఆ అంచున తుమ్మ ముళ్లు ఉంటాయి. సైకిల్‌తో వచ్చిన 25 మిల్లీమీటర్ల టైర్లకు మొదటి మూడు నెలల్లో ఆరు పంక్చర్లు పడ్డాయి. ఫోర్కుకు, బ్రేకుకు మధ్య ఖాళీ కొలుచుకుని 28 మిల్లీమీటర్లవి, లోపల ముల్లు దిగకుండా పట్టీ ఉన్నవి తెప్పించాను. తర్వాతి ఏడాది మొత్తానికి రెండే పంక్చర్లు. గాలి కూడా 90 పీఎస్ఐ నుంచి 70కి తగ్గించాను. నా బరువు 68 కిలోలు, ఆ గాలి సరిపోతోంది. వంతెన అతుకుల మీద మణికట్టుకు తగిలే దెబ్బ బాగా తగ్గింది.

సైకిల్ ఇంటికి వచ్చినప్పుడు ముందు చక్రం, హ్యాండిల్, సీటు, పెడళ్లు విడిగా ఉన్నాయి. బిగించడం కష్టం కాదు, కానీ తొందరపడకూడదు. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది. ఆ సంగతి తెలియక బలవంతంగా తిప్పితే పెడలు తగిలించే కడ్డీ, అంటే క్రాంకులోని మర అరిగిపోయి, క్రాంకే మార్చవలసి వస్తుంది. నాకు ఎదురైన ఇబ్బంది వేరు. వెనుక గేరు మార్చే భాగాన్ని చట్రానికి కలిపే హ్యాంగర్ అనే చిన్న అల్యూమినియం ముక్క రవాణాలో వంగిపోయింది. దెబ్బ తగిలితే చట్రం పాడుకాకుండా తాను వంగడానికే దాన్ని మెత్తగా చేస్తారు. ఫొటోలు పంపితే కొత్తది తొమ్మిది రోజులకు వచ్చింది. చాలా మోడళ్లకు హ్యాంగర్ ఆకారం వేరువేరు, బయట దుకాణాల్లో దొరకడం కష్టం. సైకిల్‌తో పాటే రెండు అదనంగా తెప్పించుకోండి. ఆ మోడల్ అమ్మకం ఆగిపోయిన తర్వాత 300 రూపాయల ముక్క కోసం సైకిల్ మూలన పడుతుంది.

సైజు విషయంలో నేను తప్పు చేశాను. పట్టికలో ఎత్తు మాత్రమే చూశాను. నా 170 సెంటీమీటర్లు రెండు సైజుల మధ్య పడితే పెద్దది ఎంచుకున్నాను. గోడకు వీపు ఆనించి నిలబడి, కాళ్ల మధ్య పుస్తకం పెట్టుకుని, నేల నుంచి దాని పై అంచు దాకా కొలవాలి. ఆ కొలతను 0.67తో గుణిస్తే చట్రం సైజు, 0.883తో గుణిస్తే క్రాంకు ఇరుసు నుంచి సీటు ఎత్తు సుమారుగా తెలుస్తాయి. నాకు 79 వచ్చింది, అంటే దాదాపు 53 చట్రం. నేను కొన్నది 55. మెడ నొప్పి రెండు నెలలు భరించి, చివరికి హ్యాండిల్‌ను ముందుకు పట్టి ఉంచే 100 మిల్లీమీటర్ల స్టెమ్ తీసి 80ది వేయించాను. నొప్పి పోయింది. కాని మలుపుల్లో హ్యాండిల్ మునుపటికన్నా తొందరగా తిరుగుతుంది, దానికి అలవాటు పడవలసి వచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది వెనుక చక్రం. చవక సైకిళ్ల వివరాల్లో ‘14 గేర్లు’ అని పెద్దగా రాస్తారు, వెనుక పళ్లచక్రాల గుత్తి చక్రం మధ్య ఉండే హబ్బుకు మర మీద బిగించే ఫ్రీవీలా, లేక హబ్బులో భాగమైన ఫ్రీహబ్ మీదికి జార్చి బిగించే క్యాసెట్టా అన్నది చాలాసార్లు రాయరు. నాది ఫ్రీవీలు. అందులో కుడివైపు గోళీల కప్పు హబ్బు లోపలే ఆగిపోతుంది. పళ్లచక్రాలన్నీ దాని బయట ఉంటాయి కాబట్టి ఇరుసులో చాలా భాగానికి ఆధారం ఉండదు. గుంతలో పడిన ప్రతిసారీ భారమంతా ఆ భాగమే మోస్తుంది. 4,100 కిలోమీటర్ల దగ్గర, రావులపాలెం నుంచి తిరిగి వస్తుండగా చక్రం బ్రేకుకు రాసుకోవడం మొదలైంది. ఇరుసు వంగింది. అదే నెలలో రెండు చువ్వలు కూడా తెగాయి.

గోకవరం బస్టాండు దగ్గర నేను సైకిల్ ఇచ్చే మెకానిక్‌కు అరవై దాటి ఉంటాయి. నేను బాబాయి అంటాను, ఆయన నన్ను మాస్టారూ అంటారు. ఇరుసు తీసి నేల మీద దొర్లించి చూపించారు. “ఇది మార్చినా మళ్లీ వంగుతుంది మాస్టారూ. మీ బరువు వల్ల కాదు, కట్టుబడే ఇంత,” అన్నారు. ఫ్రీవీలు విప్పే పాన ఆయన దగ్గర లేదు. పాత రకం సైకిళ్లకు వాడేది దీనికి సరిపోలేదు. 350 రూపాయల పాన నేను తెప్పించి ఆయన దుకాణంలోనే ఉంచాను. తర్వాత, కుడివైపు ఇరుసుకు చివరిదాకా ఆధారమిచ్చే ఫ్రీహబ్ ఉన్న వెనుక చక్రం 4,200కు కొన్నాం. గేర్ల మీటలు ఏడింటివే కాబట్టి ఏడు పళ్లచక్రాల క్యాసెట్ వేసి, దాని వెనుక 4.5 మిల్లీమీటర్ల మందం ఉన్న వలయం పెడితే సరిగ్గా కూర్చుంది. చువ్వల బిగింపు అన్నిటికీ సమంగా వచ్చేలా బాబాయి ఒక సాయంత్రమంతా కూర్చుని సరిచేశారు. ఆ తర్వాత పదివేల కిలోమీటర్లు తిరిగాను, ఒక్క చువ్వ తెగలేదు.

అందుకే ఎవరైనా అడిగితే, మరో ఐదారు వేలు ఎక్కువైనా షిమానో సంస్థ క్లారిస్ గేర్ల సెట్టు ఉన్న సైకిల్ చూడమంటాను. ఎనిమిది గేర్ల మీటలు బ్రేకు పిడిలోనే ఉంటాయి, వెనుక క్యాసెట్ ఉంటుంది. చైను, క్యాసెట్ లాంటివి చవకగా, అనేక సంస్థలవి దొరుకుతాయి. సైకిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ఆ తేడా కొంత అక్కడ కలిసివస్తుంది. కొండలు ఎక్కాలనుకునేవారు వెనుక పెద్ద పళ్లచక్రానికి 32 పళ్లు ఉన్నాయో లేదో చూసుకోండి. నాది 28. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్‌లో రెండుచోట్ల దిగి నడిచాను.

సామగ్రిలో నాకు అత్యంత విలువైనది నేల మీద నిలబెట్టి కొట్టే, మీటరు ఉన్న గాలి పంపు. రోడ్డు సైకిల్ ట్యూబుకు సన్నని ప్రెస్టా వాల్వు ఉంటుంది, మన పంక్చరు దుకాణాల పంపు దానికి పట్టదు. 40 రూపాయల ఇత్తడి అడాప్టర్ ఒకటి సీటు కింద సంచిలో ఎప్పుడూ ఉంచుకుంటాను. హెల్మెట్ కొనే ముందు కనుబొమల పైన టేపుతో తల చుట్టుకొలత తీసుకోండి. లోపల ఈఎన్ 1078 అని, అంటే సైకిల్ హెల్మెట్ల యూరప్ భద్రతా ప్రమాణం ముద్ర ఉండాలి. మెత్త ఉన్న షార్ట్స్ లోపల మరే బట్టా వేసుకోకూడదు, లేకపోతే ఒరిపిడి తప్పదు. వెయ్యి ల్యూమెన్లని రాసి అమ్మిన ముందు దీపం గంటకే మసకబారింది. దాన్ని వెనక్కి పంపుదామంటే మా పిన్‌కోడ్‌కు తిరిగి తీసుకెళ్లే సౌకర్యం లేదన్నారు. డబ్బు మాత్రం నెల తర్వాత వచ్చింది. ఇప్పుడు ఏది కొన్నా ముందు ఆ సంగతి చూసుకుంటాను, డబ్బా నెలరోజులు పారేయను.

హామీ పత్రం కూడా చదవండి. నా చట్రానికి జీవితకాల హామీ ఉంది, అయితే అర్హత ఉన్న మెకానిక్ బిగించినట్లు రసీదు ఉండాలన్న షరతు అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

గోదావరి గాలికి చైను త్వరగా తుప్పు పడుతుంది. వానలో తడిసిన రోజు పొడిగుడ్డతో తుడిచి నూనె వేయనిదే నిద్రపోను. అరుగుదల చూసే గేజు 250 రూపాయలు. 0.75 గుర్తు దగ్గర చైను మారిస్తే పళ్లచక్రాలు మిగులుతాయి. నా మొదటి చైను 3,200 కిలోమీటర్లు వచ్చింది. శ్రద్ధ నేర్చుకున్నాక రెండోది 4,600 దాకా నడిచింది. టైర్లు, చైన్లు, చక్రం, దుస్తులు, పంపు, పాన అన్నీ కలిపి ఐదేళ్లలో మరో 22 వేలు అయ్యాయి. సైకిల్ ధర చూసి కొనేవారు ఈ రెండో లెక్కను ముందే పక్కన పెట్టుకోవాలి.

మొన్న అమలాపురంలో ఉండే మా సహోద్యోగి కూతురు రోడ్డు సైకిల్ కొంటానని ఫోను చేసింది. కాళ్ల కొలత తీసుకోమన్నాను, 74 వచ్చింది. క్లారిస్ ఉన్నది, 49 సైజుది, రెండు హ్యాంగర్లతో కలిపి ఆర్డరు పెట్టాం. చిరునామా ఆమె ఇంటిది కాదు, బాబాయి దుకాణానిది. డబ్బా ఆయన ముందే విప్పుతాం.