మూడు విదేశీ భాషల హైస్కూలు విద్యార్థికి ఆంకీ: పనిముట్టు మంచిదే, ముందే పెట్టి ఉన్న సెట్టింగులతోనే ఇబ్బంది

హైస్కూల్లో ఫ్రెంచ్, జర్మన్, జపనీస్ లాంటివి రెండో మూడో కలిపి తీసుకున్నవాళ్లకి ముందుగా తలకు మించిన భారమయ్యేది పదాలే. వ్యాకరణం నిదానంగా ఒంటబడుతుంది. పదాలు మాత్రం ప్రతి పాఠంతోనూ కొత్తగా వచ్చి పడుతూనే ఉంటాయి, పాతవి ఈలోగా జారిపోతుంటాయి. ఆ ఒక్క పనికి మాత్రం ఆంకీని మించింది దొరకడం కష్టం. డేమియన్ ఎల్మ్స్ 2006లో మొదలుపెట్టిన ఫ్లాష్‌కార్డుల ప్రోగ్రాం ఇది: ముందు వైపు ప్రశ్న, వెనక వైపు జవాబు ఉన్న కార్డులను మరిచిపోయే వేళకి మళ్లీ చూపిస్తుంది. కంప్యూటర్లో ఉచితం, ఆండ్రాయిడ్‌లో ఆంకీడ్రాయిడ్ కూడా ఉచితమే, ఐఫోన్‌కి ఆంకీమొబైల్ కొనుక్కోవాలి. యాప్ స్టోర్లలో ఇవే పేర్లను పోలిన నకిలీలు చాలా ఉన్నాయి కాబట్టి స్పెల్లింగు చూసి మరీ దించుకోండి. అయితే దీన్ని దించుకున్నది దించుకున్నట్టు వాడితే మూడు భాషలవాళ్లు మూడో వారానికే వదిలేస్తారు. అందుకు కారణం లెక్కలో ఉంది.

ప్రతి డెక్‌కీ (కార్డుల కట్టకీ) రోజుకి 20 కొత్త కార్డులు అన్నది డిఫాల్ట్. మూడు భాషలకి మూడు డెక్‌లు పెడితే 60. రోజూ కొత్తవి ఎన్ని తీసుకుంటే కొన్ని వారాల్లో రోజువారీ రివ్యూలు (పాత కార్డులను మళ్లీ చూడటం) దానికి ఏడు నుంచి పది రెట్లు అవుతాయని వాడేవాళ్లందరికీ తెలిసిన మోటు లెక్క. రోజుకి సుమారు 450 అనుకుందాం. కార్డుకి 8 సెకన్లు వేసుకున్నా పూర్తిగా ఒక గంట, అదీ హోంవర్కు ముట్టుకోకుండా. కాబట్టి మూడు భాషలకీ కలిపి 15 కొత్త కార్డులు దాటనివ్వకండి: ఈ ఏడాది మొదలుపెట్టిన భాషకి 8, రెండోదానికి 5, బాగా పాతదానికి 2. ఇరవై నిమిషాల్లో తెమిలిపోతుంది.

దీనికి తోడు రోజుకి 200 రివ్యూలే చూపించాలన్న పరిమితి ఒకటి ఉంది. చూడ్డానికి మేలు చేసేదిలాగే ఉంటుంది గానీ, 200 దాటిన బకాయి తెరమీద కనబడకుండా లోపల పేరుకుంటుంది. పైగా పరిమితి నిండితే కొత్త కార్డులు రావడం కూడా ఆగిపోతుంది, ఎందుకో అర్థం కాదు. దాన్ని 9999 చేసి, కొత్త కార్డుల సంఖ్య దగ్గరే చెయ్యి బిగించండి.

2023లో వచ్చిన 23.10 వెర్షన్ నుంచి ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త షెడ్యూలింగ్ పద్ధతి లోపలే ఉంది. డెక్ ఆప్షన్స్‌లో దాన్ని ఆన్ చేయండి. ఇది జవాబు చూశాక మీరు నొక్కిన బటన్ల (అగైన్, హార్డ్, గుడ్, ఈజీ) చరిత్ర చూసి, ఏ కార్డు ఎప్పటికి మరిచిపోతారో అంచనా వేస్తుంది. ఆ అంచనా ప్రీసెట్‌కి (డెక్‌కి తగిలించే సెట్టింగుల కట్టకి) ఒకటి చొప్పున తయారవుతుంది కనుక భాషకో ప్రీసెట్ ఉండి తీరాలి. జపనీస్ కాంజీలు (చైనా నుంచి వచ్చిన బొమ్మలాంటి అక్షరాలు) మరిచిపోయే వేగం, స్పానిష్ పదాలు మరిచిపోయే వేగం ఒకటి కావు కదా. నెలకోసారి ఆప్టిమైజ్ నొక్కితే చాలు. డిజైర్డ్ రిటెన్షన్ (రివ్యూకి వచ్చిన కార్డుల్లో ఎంత వాటా గుర్తుండాలో చెప్పే సెట్టింగు) 0.90 దగ్గరే ఉంచండి. పరీక్షల భయంతో 0.97కి లాగితే రివ్యూలు విపరీతంగా పెరిగిపోతాయి, దక్కే లాభం మాత్రం స్వల్పం.

బటన్ల దగ్గర అందరూ చేసే పొరపాటు: సమాధానం గుర్తు రాకపోయినా మొహమాటానికి హార్డ్ నొక్కడం. హార్డ్ అంటే కష్టపడినా గుర్తొచ్చిందని ఆంకీ లెక్క వేసుకుంటుంది, మళ్లీ చూపించేదాకా ఉండే వ్యవధి పెంచేస్తుంది. గుర్తు రాకపోతే అగైన్, వస్తే గుడ్. ఈ రెండింటితో ఏళ్ల తరబడి నడిపించవచ్చు.

ఇక కార్డు తయారీ. లింగం ఉన్న భాషల్లో నామవాచకాన్ని ఆర్టికల్ లేకుండా ఎప్పుడూ రాయకండి. సూర్యుడు ఫ్రెంచ్‌లో పుంలింగం, జర్మన్‌లో స్త్రీలింగం. చంద్రుడి దగ్గర సరిగ్గా తిరగబడుతుంది. రెండూ ఒకే ఏడాది చదివే బుర్రలో ఇవి కలగాపులగం కాకుండా ఉండాలంటే లె, లా, డెర్, డీ పదానికి అతుక్కునే రావాలి, జర్మన్‌కి బహువచనం కూడా పక్కనే. రెండు దిక్కుల కార్డులిచ్చే నోట్ టైప్ (ఒక పదం వివరాలు, అంటే నోటు, కార్డులుగా ఎలా మారాలో చెప్పే నమూనా) వాడితే పది పదాలు ఇరవై కార్డులవుతాయి, రోజువారీ పరిమితి లెక్కించేది కార్డులనే. తొలి రెండు మూడు నెలలు విదేశీ పదం చూసి అర్థం చెప్పే దిక్కు ఒక్కటే చాలు. రెండో దిక్కు కలిపాక, జంట కార్డులు ఒకే రోజు రాకుండా ఆపే బరీ సిబ్లింగ్స్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

జపనీస్ కార్డుల్లో ఫురిగానా (కాంజీని ఎలా పలకాలో చెప్పే చిన్న కానా అక్షరాలు) వెనక వైపే పెట్టండి. ముందు వైపు పెడితే కన్ను నేరుగా కానా మీదకే పోతుంది, కాంజీ ముఖం ఎన్నాళ్లయినా గుర్తుండదు.

స్ప్రెడ్‌షీట్‌లో పదాలు టైపు చేసి ఒకేసారి ఎక్కించేవాళ్లు ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేయాలి, లేదంటే ఫ్రెంచ్ అక్షరాల మీది గుర్తులన్నీ చిత్తుగీతలైపోతాయి. ఇంకో గోతి చాలామందికి తెలియదు. దిగుమతి చేసేటప్పుడు, అదే నోట్ టైప్‌లో మొదటి గడి సరిపోలిన పాత నోటు ఉంటే ఆంకీ దాన్నే కొత్త సమాచారంతో దిద్దేస్తుంది. ఫ్రెంచ్‌లోనూ స్పానిష్‌లోనూ జంతువుకి ఉన్న పదం అక్షరం పొల్లుపోకుండా ఒకటే స్పెల్లింగు. రెండు భాషలకీ ఒకే నోట్ టైప్ వాడితే స్పానిష్ జాబితా ఎక్కించగానే ఫ్రెంచ్ కార్డు మారిపోతుంది. భాషకో నోట్ టైప్ చేసుకుని, ఒక్కోదానికి ఒక్కో రంగు నేపథ్యం పెట్టండి. ఏ భాషలో జవాబు చెప్పాలో చదవకముందే తెలుస్తుంది.

మూడు డెక్‌లనూ ఒక పెద్ద డెక్ కింద సర్ది పైదాన్ని నొక్కితే భాషలు కలిసి వస్తాయి. వినడానికి బాగుంటుంది కానీ ఉచ్చారణ తడబడుతుంది. విడివిడిగా తెరవడమే నయం.

సింక్ మామూలుగా పేచీ పెట్టదు. నోట్ టైప్‌కి కొత్త గడి చేర్చినప్పుడు మాత్రం అప్‌లోడా, డౌన్‌లోడా అని అడుగుతుంది. తప్పుది ఎంచితే ఆ మధ్య చేసిన పని పోతుంది. గడి చేర్చేముందు ఫోనునీ కంప్యూటర్నీ రెండింటినీ సింక్ చేసేస్తే ఆ గొడవే ఉండదు.

ఎనిమిదిసార్లు మరిచిపోయిన కార్డుకి లీచ్ అని ట్యాగ్ పడుతుంది. సాధారణంగా అది దాన్నే పోలిన ఇంకో పదంతో కలిసిపోతున్న కార్డు. మళ్లీ మళ్లీ బట్టీ పట్టేకన్నా చిన్న వాక్యంలో పెట్టి క్లోజ్ కార్డుగా (ఖాళీ పూరించే కార్డుగా) మార్చండి. క్రియారూపాల పట్టికలకీ ఇదే మందు. ఆరు రూపాలు ఒకే కార్డు మీద పెడితే ఐదు వచ్చి ఒకటి రానప్పుడు ఏ బటన్ నొక్కాలో తేలదు.

మాట్లాడటం, విని అర్థం చేసుకోవడం దీనివల్ల రావు. కార్డు చదివి వినిపించే సదుపాయం ఉంది, కానీ ఆ భాష గొంతు పరికరంలో ఇన్‌స్టాల్ అయి ఉంటేనే.

పరీక్షల వారంలో కొత్త కార్డులు సున్నా చేయండి, రివ్యూలు మాత్రం మానకండి. సెలవుల్లో వదిలేసి వందల బకాయితో తిరిగొస్తే డెక్ చెరిపి మొదటినుంచి మొదలుపెట్టకండి. అప్పుడు మాత్రం రివ్యూ పరిమితిని తాత్కాలికంగా 100కి దించి, కొత్తవి ఆపేసి, ముందుగా పరీక్ష ఉన్న భాష డెక్ ఖాళీ అయ్యేదాకా దాన్నే తెరవండి.